కంటి చూపు - దానిని కాచు సేవకకణములు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



ఒక గ్రామమున ఇరువదియైదేండ్లపాటు గ్రంథాలయపు తలుపులు మూతపడకుండ నడచుట సామాన్య విషయము కాదు. పత్రికలు తెప్పించినవారు, చిరిగిన పుస్తకములకు అట్టలు వేసినవారు, ప్రతి సాయంకాలము దీపము వెలిగించినవారు, క్రమము తప్పక చందా యిచ్చినవారు, అందరును అభినందనీయులే. ఇట్టి శుభసమయమున సాహిత్యమును గూర్చియో, గ్రంథాలయోద్యమమును గూర్చియో ప్రసంగించుట ఆచారము. నేను మాత్రము కంటిని గూర్చి మాటలాడదలచితిని. గ్రంథాలయమునకు పుస్తకములు ఎంత ముఖ్యమో, వానిని చదువు కన్నులును అంత ముఖ్యము. ఏ గ్రంథాలయమునందైనను పాత చందాదారుల పట్టికను తిరుగవేసినచో, ఒకప్పుడు ప్రతిదినము వచ్చుచుండి పిమ్మట రాక మానినవారి పేర్లు కొన్ని కనబడును. వారిలో కొందరికి చదువుమీది ఆసక్తి తగ్గలేదు. అక్షరము ఆనుట లేదు. "ముసలితనము వచ్చినది, చూపు పోయినది" అని సరిపెట్టుకొందురు. అందరి విషయమునను అది ముసలితనము కాదు. సకాలమున జాగ్రత్తపడిన యెడల కొందరి చూపు నిలుపుకొనదగినదే. ఆ సంగతి చెప్పుటయే ఈ ప్రసంగ ప్రయోజనము.

ఇంతటి శాస్త్రవిషయము గ్రామ గ్రంథాలయమున చెప్పదగునా యను సందేహము కొందరికి కలుగవచ్చును. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయమును స్థాపించిన పెద్దలకు అట్టి సందేహము కలుగలేదు. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి, చరిత్రలతోపాటు ప్రకృతిశాస్త్రములను గూడ తెలుగున వ్రాయించిరి. శాస్త్రము తెలుగు పాఠకునకు అందవలెనని వారు కోరిరి. ఆ బాటలోనే నేనును నాలుగు మాటలు చెప్పెదను.

కన్ను ఫోటో తీయు యంత్రము వంటిదని బడిలో చదివియున్నాము. దాని ముందుభాగమున కటకము కలదు. అది మసకబారినచో శుక్లమందుము. వెనుకభాగమున, లోపలి గోడకు అంటించిన పలుచని కాగితమువలె ఒక పొర కలదు. దానినే దృష్టిపటలమనియు, రెటీనా యనియు అందురు. దాని మందము అర మిల్లీమీటరు కంటెను తక్కువ. అంత పలుచని పొరయందే వెలుగును పట్టు కణములు 12 కోట్ల వరకు కలవు. వానిలో అధికభాగము మసకవెలుతురులో చూచుటకు తోడ్పడు కడ్డీకణములు. పట్టపగలు రంగులను, ముఖములను, అచ్చక్షరములను పోల్చుకొనుటకు తోడ్పడు శంకుకణములు సుమారు 60 లక్షలు మాత్రమే. ఇవి వెలుగును సంకేతములుగ మార్చగా, నాడీకణములు వానిని గ్రహించి, 10 లక్షలకు పైగా తంతువులు గల దృష్టినాడి ద్వారా మెదడునకు చేరవేయును.

శుక్లము వచ్చిన కటకమును వైద్యులు తీసివేసి క్రొత్తది అమర్చగలరు. రెటీనాను అట్లు మార్చుటకు వీలు లేదు. చేపలలో కొన్నిటికి రెటీనా దెబ్బతిన్నను తిరిగి పెరుగును. మనుష్యునకు ఆ భాగ్యము లేదు. కాబట్టి ఉన్నదానిని కాపాడుకొనుటయే మనకు మార్గము.

ఇక అసలు విషయమునకు వత్తును. వెలుగును పట్టు కణములు తమంత తాము బ్రదుకజాలవు. వానిని పోషించుటకు, శుభ్రపరచుటకు, కాపాడుటకు వేరు కణములు కలవు. వానిని నేను సేవకకణములని పిలిచెదను. వానిలో ముఖ్యమైనవి మూడు తెగలు.

మొదటి తెగ మ్యూలర్ కణములు. హైన్రిక్ మ్యూలర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1851లో వీనిని వర్ణించెను. ఇంటి పైకప్పును మోయు నిట్రాటవలె, ఇవి రెటీనా యొక్క ఈ అంచు మొదలు ఆ అంచు వరకు నిలువుగ వ్యాపించియుండును. అయితే నిట్రాటవలె ఊరక నిలుచునవి కావు. నాడీకణములు విడిచిన వ్యర్థములను తొలగించును, అధికమైన నీటిని బయటికి తోడివేయును, ఆహారమును అందించును. వెలుగు సయితము రెటీనా లోతులకు వీనిగుండనే చక్కగా ప్రయాణించునని 2007లో జర్మనీలోని పరిశోధకులు చూపిరి.

రెండవది రెటీనా వెనుకనున్న నల్లని వర్ణకణముల పొర. వెలుగును పట్టు కణముల కొనలు ప్రతిదినము కొంచెము కొంచెము అరిగి రాలుచుండును. ఆ రాలినదానిని మ్రింగి, జీర్ణించుకొని, తిరిగి పనికివచ్చు పదార్థములను వెనుకకు ఇచ్చుట ఈ పొర పని. మన ఇంటిముంగిటిని తెల్లవారకముందే ఊడ్చి కల్లాపి చల్లు ఇల్లాలివలె, ఈ కణములు జీవితకాలమంతయు ఆ సేవ చేయుచునే యుండును.

మూడవది సన్నని రక్తనాళములను చేతులతో చుట్టి పట్టుకొనియుండు కణములు. శాస్త్రజ్ఞులు వీనిని పెరిసైట్లని పిలుతురు. వీని పట్టు ఉన్నంతకాలము నాళపు గోడ గట్టిగ నుండును.

ఈ కణములకు నోరు లేదు గదా, ఒకదాని అవసరము మరియొకదానికి ఎట్లు తెలియును? అవి వృద్ధికారకములను కొన్ని మాంసకృత్తులను విడుచును. ఒక కణము విడిచిన వృద్ధికారకము మరియొక కణముపైనున్న గ్రాహకమునకు చేరి, తాళములో చెవి తిరిగినట్లు దాని లోపలి పనిని మొదలుపెట్టించును. "పెరుగుము", "బ్రదికియుండుము", "ఇటు కొమ్మ వేయుము" అని యిట్టి ఆజ్ఞలు ఆ విధముగ నడచును. ఇటలీ దేశస్థురాలైన రీటా లెవీ మోంటాల్చినీ, అమెరికా దేశస్థుడైన స్టాన్లీ కోహెన్ 1950 దశాబ్దమున ఇట్టి కారకములను కనుగొనిరి. నాడులను పెంచు కారకమును, చర్మకణములను పెంచు కారకమును లోకమునకు తెలిపినందులకు 1986లో వారికి నోబెల్ బహుమానము లభించెను.

కంటికి సంబంధించిన కారకములలో మిక్కిలి ప్రసిద్ధమైనది రక్తనాళములను పెంచునది. దాని పొడుగు పేరును కుదించి వి.ఇ.జి.ఎఫ్. అందురు; సౌలభ్యమునకై నేను నాళకారకమని పిలిచెదను. దీని చరిత్ర ఆసక్తికరమైనది. రక్తము అందని రెటీనా ఏదియో ఒక పదార్థమును విడుచుచుండవలెననియు, దానివలననే క్రొత్త నాళములు మొలచుచున్నవనియు మైకేల్సన్ అను నేత్రవైద్యుడు 1948లోనే ఊహించెను. ఆ పదార్థమేదో తెలియుటకు నలుబదియేండ్లు పట్టెను. 1983లో అమెరికాలో సెంగర్, డ్వొరాక్ మొదలగువారు నాళములనుండి నీరు ఊరునట్లు చేయు ఒక పదార్థమును గుర్తించిరి. 1989లో నెపోలియోన్ ఫెరారా అను శాస్త్రజ్ఞుడు నాళములను పెంచు కారకమును వేరుచేసెను. విచారించి చూడగా రెండును ఒక్కటే యని తేలెను. నాళములను పెంచునదియు అదే, వానిని కారునట్లు చేయునదియు అదే. 1994లో బోస్టను వైద్యులు మధుమేహరోగుల కంటిద్రవమును పరీక్షించి, క్రొత్త నాళములు మొలచుచున్న కన్నులలో ఈ కారకము అధికముగ నున్నదని నిరూపించిరి. మైకేల్సన్ ఊహ నిజమాయెను.

దీనిని మన ప్రాంతపు ఉపమానముతో చెప్పిన తేలికగ తెలియును. కాకతీయుల కాలమునుండి మనది చెరువుల దేశము. చెరువు నిండినంతమాత్రమున పొలము పండదు. తూము తీసి, కాలువలు సవరించి, ఆయకట్టులోని చివరి మడి వరకు నీరు చేరునట్లు చూచుటకు నీరటి యుండవలెను. మ్యూలర్ కణము రెటీనాకు నీరటి వంటిది. ఏ మడి ఎండుచున్నదో అది కనిపెట్టును. ఎండినచోట నాళకారకమను కేక వేయును. ఆ కేక కొలతలో నున్నంతకాలము నాళములు ఆరోగ్యముగ నుండును. కేక బొత్తిగ లేకున్న మడి ఎండును. కేక హద్దు మీరినచో తొందరపాటున గట్టు తెంచి త్రవ్విన పిల్లకాలువలు నలుదిక్కుల పుట్టును. వాని గట్లు నిలువవు. నీరు పొలము మునుగునట్లు పారును. చెరువు నిండుగ నుండగనే పంట కుళ్లిపోవును.

మధుమేహమున జరుగునది ఇదియే. మనము షుగరు వ్యాధి యనునది. రక్తమున చక్కెర ఏండ్ల తరబడి హెచ్చుగ నుండుటచేత మొదట పెరిసైట్లు చచ్చును. పట్టు తప్పిన నాళములు ఉబ్బును, కొన్ని మూసికొనిపోవును. రెటీనాలో అక్కడక్కడ రక్తమందని తావులు ఏర్పడును. అచ్చటి మ్యూలర్ కణములు ప్రాణవాయువు చాలక నాళకారకమును మితిమీరి విడుచును. అప్పుడు రెండు కీడులు వాటిల్లును. ఉన్న నాళములు కారి, చదువుటకు ఆధారమైన నడిమిచుక్క వాచును. క్రొత్తగ మొలచిన బలహీన నాళములు చిట్లి, కంటిలో రక్తము నిండును. పిదప మచ్చగట్టి రెటీనాను గోడనుండి ఊడబెరుకును. ఇదంతయు శత్రువు చేసిన పని కాదు. సహాయము కోరి సేవకులు వేసిన కేక హద్దు మీరుటచే కలిగిన కీడు.

అట్లయిన ఆ కేకను పూర్తిగ అణచివేసిన సరిపోవును గదా యని మీరు అడుగవచ్చును. ఈ ప్రశ్నకు సమాధానము అమెరికాలోని ఓక్లహోమాలో ఎలుకలపై జరిగిన రెండు ప్రయోగములలో కలదు. 2010లో ప్రకటించిన ప్రయోగమున, మ్యూలర్ కణములు మాత్రము నాళకారకమును తయారుచేయకుండునట్లు మార్చిన ఎలుకలకు మధుమేహము కలిగించిరి. వాని నాళములు తక్కువగ కారెను, వాపును తగ్గెను. దీనివలన కీడునకు మూలము ఆ కణముల కేకయే యని స్పష్టమాయెను. 2015లో ప్రకటించిన మరియొక ప్రయోగమున, మ్యూలర్ కణములపైనుండు నాళకారకపు గ్రాహకమునే తీసివేసిరి. అనగా కేక వినబడకుండ వాని చెవులు మూసిరి. అప్పుడు మధుమేహమున్న ఎలుకలలో మ్యూలర్ కణములే క్రమముగ తగ్గిపోయెను. అవి తగ్గగా, నాడీకణములను బ్రదికించు ఇతర వృద్ధికారకములును తగ్గెను. తుదకు వెలుగును పట్టు కణములు త్వరత్వరగ నశించెను.

ఈ రెండు ప్రయోగములను పక్కపక్కన పెట్టి చూచినచో ఒక గొప్ప సత్యము తెలియును. ఒకే పదార్థము రక్తనాళమునకు మితిమీరినప్పుడు విషము. సేవకకణమునకు అదియే అన్నము. కాబట్టి రెటీనా ఆరోగ్యము ఈ కారకము ఉన్నదా లేదా యనుదానిపై ఆధారపడదు. ఎంత ఉన్నది, ఎప్పుడు ఉన్నది యనుదానిపై ఆధారపడును. ఎలుకలకు కనబడినదంతయు మనుష్యులకు అట్లే వర్తించునని చెప్పరాదు. అయినను వైద్యులు ఈ సూదిమందులను లెక్కతో, కంటిని పరీక్షించుచు వాడవలసిన కారణమొకటి దీనివలన బోధపడును.

కొలతయు కాలమును తప్పిన ఎట్టి ఆపద వచ్చునో నెలలు నిండక పుట్టిన శిశువునందు ఇంకను స్పష్టముగ చూడవచ్చును. తల్లి గర్భమున శిశువు రెటీనాలో రక్తనాళములు నడిమినుండి అంచులకు మెల్లగ ప్రాకును. అంచు చేరుటకు ఇంచుమించు తొమ్మిది నెలలు పట్టును. ఏడవ నెలలో పుట్టిన బిడ్డకు ఆ పని సగమే జరిగియుండును. బయటి గాలియందు, ఆసుపత్రిలో ఇచ్చు ప్రాణవాయువునందు, గర్భముకంటె ప్రాణవాయువు హెచ్చు. "నీరు చాలినది" అనుకొని నీరటి కేక మానును. నాళముల పెరుగుదల నిలిచిపోవును. కొన్ని వారములు గడచి రెటీనా ఎదిగిన కొలది దానికి ఆకలి పుట్టును. అప్పుడు కేక ఒక్కసారిగ మిన్నుముట్టును; దిక్కు తెలియని నాళములు మొలచి రెటీనాను ఊడబెరుకును.

ఈ వ్యాధిని 1942లో బోస్టనులో టెర్రీ యను వైద్యుడు మొదట వర్ణించెను. మితిమీరిన ప్రాణవాయువునకు దీనితో సంబంధము కలదని 1951లో ఆస్ట్రేలియా దేశపు కేట్ క్యాంప్‌బెల్ అను వైద్యురాలు సూచింపగా, 1954లో అమెరికాలో జరిగిన పెద్ద పరిశీలన దానిని ధ్రువపరచెను. ప్రాణవాయువు ఇచ్చుట తప్పని దీని అర్థము కాదు. అది లేనిదే బిడ్డ ప్రాణమే దక్కదు. కొలిచి ఇయ్యవలెను, పిమ్మట కంటిని చూడవలెను. మన దేశమున అమలులోనున్న నియమము ప్రకారము, 34 వారములు నిండక పుట్టిన బిడ్డకు గాని, 2,000 గ్రాముల కంటె తక్కువ తూకముతో పుట్టిన బిడ్డకు గాని, పుట్టిన 30 దినములలోపల రెటీనా పరీక్ష జరుగవలెను. మరింత ముందుగ పుట్టిన బిడ్డలకు రెండు మూడు వారములకే జరుగవలెను. తల్లులారా, అవ్వలారా, ఈ ముప్పది దినముల మాట జ్ఞాపకముంచుకొనుడు. బిడ్డ కన్ను బయటికి తేటగనే కనబడును, ఏ సూచనయు ఉండదు. పురుడు కడిగిన పిదప చూతము, ఇరువదియొకటవ దినము వేడుక కానిండు, మూడు నెలలు రానిండు అని జాగు చేసినచో ఆ బిడ్డ జీవితమంతయు చీకటిలో గడపవలసివచ్చును.

ఇక చికిత్సను గూర్చి. మొదటిది లేజరు. కాంతికిరణముతో రెటీనా అంచులయందు చిన్న చిన్న చుక్కలుగ కాల్చుదురు. మంచి రెటీనాను కాల్చుట యేమని ఆశ్చర్యము కలుగును. ఎండిపోవుచున్న కొన్ని మడులను బీడు పెట్టినచో ఆయకట్టు తగ్గి, నీటికై కేక తగ్గునుగదా! అట్లే నాళకారకము తగ్గి, నడిమి చూపు నిలుచును. ఈ చికిత్సవలన తీవ్రమైన అంధత్వము సగమునకు పైగా తగ్గునని 1976లో ప్రకటింపబడిన అమెరికా పరిశీలన తెలిపెను.

రెండవది కంటిలో వేయు సూదిమందు. ఇది నాళకారకమును పట్టి బంధించును. ప్రేగు కాన్సరునకై 2004లో అనుమతి పొందిన బెవాసిజుమాబ్ అను మందును మరుసటి యేటినుండి నేత్రవైద్యులు కంటికి వాడసాగిరి. కంటికే తయారుచేసిన రానిబిజుమాబ్ 2006లోను, అఫ్లిబెర్సెప్ట్ 2011లోను వచ్చినవి. వీనిలో మొదటిది మిగిలినవాని కంటె చాల చౌక. కావున మన దేశమున ఎందరికో అది అందుబాటైనది. కంటిలో సూది యనగనే భయపడవలదు. తిమ్మిరి మందు వేసి చేయుదురు. అయితే ఒక్క సూదితో ముగియదు. మందు బలము కొన్ని వారములకు తగ్గును. కేక మరల లేచును. రెండు సూదులు వేయించుకొని "బాగుగ కనబడుచున్నది" అని మధ్యలో మానుట మిక్కిలి ప్రమాదము. పలుమారులు రాలేని దూరమువారు ఆ మాట వైద్యునకు దాపరికము లేక మొదటనే చెప్పవలెను. దానినిబట్టి లేజరు మేలా, సూది మేలా యని వారు నిర్ణయింతురు.

మూడవది క్రొత్తది. 2025 మార్చిలో అమెరికా ప్రభుత్వము ఒక చికిత్సకు అనుమతినిచ్చెను. మ్యూలర్ కణములు క్షీణించుటతో సంబంధముగల ఒక అరుదైన వ్యాధి కలదు. అందు నడిమి చూపు మెల్లగ తరుగును. దానికై, వృద్ధికారకమును తయారుచేయునట్లు మార్చిన వర్ణకణములను చిన్న గొట్టములో నింపి కంటిలో నిలుపుదురు. ఆ కణములు లోపలనుండి దినదినము కారకమును అందించును. ఇది పోయిన చూపును తిరిగి తేదు, తరుగుదలను నెమ్మదింపజేయును. మన మధుమేహ రోగులకు ఉద్దేశించినది కాదు. అయినను సేవకకణములను బలపరచి చూపును కాపాడవచ్చునను ఆశకు ఇది మొదటి మెట్టు.

ఇప్పుడు మన ఊరి సంగతికి వత్తము. 2023లో ప్రకటింపబడిన జాతీయ పరిశీలన ప్రకారము మన దేశమున మధుమేహము గలవారు 10 కోట్లకు పైగా కలరు. 40 ఏండ్లు దాటిన మధుమేహులలో ఇంచుమించు ఎనమండుగురికి ఒకరి రెటీనాలో ఈ వ్యాధి కనబడుచున్నదని 2022లో ప్రకటింపబడిన వేరొక పరిశీలన తెలుపుచున్నది. ఇది పట్టణవాసుల జబ్బని, కూర్చొని తినువారి జబ్బని అనుకొను కాలము గతించినది. జనగామ చెలకలలో పత్తి ఏరు తల్లికి, మానుకోట కల్లములలో మిరపకాయలు ఆరబోయు కూలికి, భూపాలపల్లి బొగ్గుగనిలోనికి దిగు కార్మికునకు, ఎవరికైనను రావచ్చును.

రెటీనాకు నొప్పి తెలియదు. వ్రేలికి ముల్లు గ్రుచ్చుకొన్న తెలియునుగాని, రెటీనాలో నాళము కారుచున్న తెలియదు. ఒక కన్ను చెడినను రెండవ కన్ను కప్పిపుచ్చును. నల్లని దారములు తేలుచున్నట్లు కనబడుటయో, తెర దించినట్లు చీకటి కమ్ముటయో జరిగిన పిదప పరుగెత్తినచో అప్పటికి వ్యాధి ముదిరియుండును. అందుచేత బాధను చూచి వైద్యుని వద్దకు పోవు మన అలవాటు ఇచ్చట పనికిరాదు. మధుమేహము బయటపడిన యేటనే ఒకమారు, ఆ తరువాత ప్రతి యేడు ఒకమారు, కంటిపాపను పెద్దదిచేయు చుక్కలమందు వేయించుకొని రెటీనాను చూపించుకొనవలెను. మధుమేహముగల స్త్రీ గర్భవతి యైనచో మరింత జాగ్రత్త కావలెను. చక్కెరను, రక్తపు పోటును అదుపున నుంచుకొనుట అన్ని మందులకంటె మేలైన మందు. అది సేవకకణములకు కేక వేయవలసిన అవసరమే రానీయదు.

ఇందు ఒక పొరపాటు మన గ్రామములలో తరచుగ జరుగుచున్నది. "నాకు అద్దములు ఇచ్చినారు, కన్ను చూచినారు" అనియు, "శుక్లము తీయించుకొంటిని, ఇంక భయము లేదు" అనియు అనుకొందురు. 2018 ఆగస్టు 15న మెదకు జిల్లా మల్కాపురమున ఆరంభమైన కంటివెలుగు కార్యక్రమమున 1 కోటి 50 లక్షలకు పైగా ప్రజలకు కంటిపరీక్షలు జరిగినవి. 2023లో రెండవ విడత జరిగినది. ఎందరికో అద్దములు లభించినవి. అది మేలే. కాని అక్షరముల పట్టికను చదివించి అద్దములిచ్చుట వేరు, కంటిపాపను విప్పి రెటీనాను చూచుట వేరు. మొదటిది జరిగినంతమాత్రమున రెండవది జరిగినట్లు కాదు. నాటు మందులను, తేనెను, ఆకుపసరులను కంటిలో పోయించుకొనుటవలన రెటీనాకు మేలు లేకపోగా కంటికి కీడు జరుగును.

వైద్యము ఎచ్చట దొరకును? వెనుకటి తరమువారికి కంటి జబ్బనగనే హైదరాబాదు తప్ప దిక్కు లేదు. అచ్చట ప్రభుత్వమువారి సరోజినీదేవి కంటి ఆసుపత్రి కలదు. డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించిన ఎల్.వి. ప్రసాదు నేత్రవైద్య సంస్థ 1987నుండి సేవ చేయుచున్నది. ఆ సంస్థవారు 1996 మొదలు 2000 వరకు హైదరాబాదు, ఆదిలాబాదు, మహబూబునగరు, పశ్చిమగోదావరి ప్రాంతములలో 10,000 మందికి పైగా పరీక్షించి, తెలుగుదేశమున అంధత్వపు లెక్కలను గ్రంథస్థము చేసిరి. వరంగల్లున ప్రభుత్వ ప్రాంతీయ నేత్రవైద్యశాల కలదు. 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలు ఏర్పడిన పిదప జిల్లాకేంద్రముల ఆసుపత్రులు పెరిగినవి. మహబూబాబాదున 2022లోను, జనగామ, భూపాలపల్లులలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు మొదలైనవి. మొదట జిల్లా ఆసుపత్రిలో విచారించి, అవసరమైనచో వరంగల్లునకో హైదరాబాదునకో చీటి వ్రాయించుకొని పోవుట మంచిది. పరీక్షనాడు వెంట ఒకరు ఉండవలెను. చుక్కలమందు వేసిన కొన్ని గంటలవరకు చూపు మసకగ నుండును, బండి నడుపరాదు.

దినపు కూలి పోవునని, బస్సు ఖర్చు అగునని, పంట చేతికి వచ్చు సమయమని పరీక్షను వాయిదా వేయుట సహజమే. వారిని నిందింపను. కాని ఒక దినపు కూలికి జంకి, శేషజీవితపు కూలిని పోగొట్టుకొనరాదని మాత్రము మనవి చేయుచున్నాను. చూపు పోయినవాని వెంట ఇంటిలో మరియొకరు కట్టుబడియుందురు. తరచుగ అది బడి మానిన మనుమరాలు అగుచున్నది.

ఈ విషయమున గ్రంథాలయము చేయదగిన పనులు కొన్ని కలవు. మొదటిది, పత్రిక చదువు బల్లపై ఒక చిన్న కాగితము అంటించుడు: "ఒక కన్ను మూసికొని, అద్దములు పెట్టుకొని, రెండవ కంటితో ఒక పంక్తి చదువుడు, పిమ్మట కన్ను మార్చుడు." పంక్తి వంకరగ కనబడినను, నడుమ అక్షరములు మాయమైనను, ఒక కంటికి మసకగ నున్నను జాగు చేయక వైద్యునకు చూపవలెను. అయితే చక్కగ కనబడినంతమాత్రమున మధుమేహులు ఏటేటి పరీక్షను మానరాదు. రెండవది, ఇష్టపడి పేరు ఇచ్చిన మధుమేహుల వరకు మాత్రమే ఒక పుస్తకమున వారి పరీక్ష జరిగిన నెలను వ్రాసియుంచి, మరుసటి యేడు ఆ నెల రాగానే జ్ఞాపకము చేయుడు. పుస్తకము తిరిగి ఇయ్యవలసిన గడువును గుర్తుచేయు గ్రంథపాలకునకు ఇది కష్టమైన పని కాదు. మూడవది, చదువ నేర్చిన బాలబాలికలు వారమునకొకమారు చూపు తగ్గిన పెద్దలకు పత్రిక చదివి వినిపింపవలెను. పట్టికనుండి రాలిపోయిన పాత చందాదారులు అట్లు మరల గ్రంథాలయమునకు వత్తురు.

మన పొలములకు నీరటి ఎవరో మనకు తెలియును. పంట చేతికి వచ్చినప్పుడు అతనికి మేర కొలుతుము. కంటిలోని నీరటులను మనము ఎన్నడును చూడము. అవి కోరు మేర యేటికొక దినము మాత్రమే. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి, నేడు ఇచ్చట కూర్చున్న చిన్నవారును పెద్దవారును తమ కన్నులతోనే నాటి సంచికను చదువుదురు గాక యని కోరుచున్నాను.